నాకేమైనా అవుతోందా?



ఊరికి బయల్దేరి బస్టాండు దాకా వచ్చాక ‘గ్యాస్ కట్టేశానా లేదా’ అన్న అనుమానం రాని ఇల్లాలు ఉందంటే నేను నమ్మను. ఇల్లాలనే ఏముంది! తాళం రెండుసార్లు లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి మూడోసారి లాగి చూసే మగవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉంటారు. పక్క ఫ్లాటువాళ్ళు ఎదురైతే ఫోన్ మర్చిపోయి వెనక్కి వచ్చినట్టు నటిస్తారు కూడా. నాకు ఆ తాళం కన్నా ఆ నటన మీదే ఆసక్తి. ‘వీడికి స్క్రూ లూజైనట్టుందే’ అని ఎదుటివాళ్ళు అనుకుంటారన్న భయం అందులో ఉంది. దాని అడుగున ఇంకో భయం ఉంటుంది, అది ఎవరికీ చెప్పుకునేది కాదు. నిజంగానే నాకేమైనా అవుతోందా?

ఇవాళ మీతో ముచ్చటించాలనుకున్నది ఆ ప్రశ్న గురించి. పిచ్చి గురించి కాదు. తన బుర్ర మీద తనకే అనుమానం వచ్చే ఘడియ గురించి.

ముందు ఆ గ్యాస్ పొయ్యి సంగతి తేల్చేద్దాం. 2003లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కిండ్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సరిగ్గా దీన్నే పరీక్షకు పెట్టారు. కంప్యూటర్ తెర మీద ఒక గ్యాస్ పొయ్యి బొమ్మ. మీటలు తిప్పి వెలిగించాలి, ఆర్పాలి, ఆరిందో లేదో సరిచూసుకోవాలి. కొందరిచేత ఈ పని వరసగా ఇరవైసార్లు చేయించారు. ఇంకొందరికి మధ్యలో పొయ్యి బదులు లైట్ల బొమ్మ ఇచ్చారు. చివర్లో అందరినీ ‘ఇందాక పొయ్యి దగ్గర ఏ మీటలు చూశారు?’ అని అడిగితే రెండు జట్లవాళ్ళూ ఇంచుమించు ఒకేలా సరైన జవాబు చెప్పారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, పొయ్యినే పదేపదే చూసినవాళ్ళకి తాము చెప్పే జవాబు మీద తమకే నమ్మకం సడలిపోయింది. కళ్ళకు కట్టినట్టు ఉండాల్సింది మసకబారిపోయింది.

అంటే ఏమిటి? జ్ఞాపకం బాగానే ఉంది. దాని మీద భరోసా పోయింది. ఈ రెండూ వేరువేరు అని మనకి మామూలుగా తట్టదు. మూడోసారి తాళం లాగి చూడటం వల్ల అనుమానం తీరుతుందనుకుంటాం గానీ, ఆ మూడోసారే నాలుగోసారికి దారి తీస్తుంది. ఇది అందరికీ కాస్తో కూస్తో ఉండేదే. గంటల తరబడి సాగి, ఆఫీసుకి వెళ్ళనివ్వక, వంట చేయనివ్వక పోతే అప్పుడు అది ఓసీడీ అనే జబ్బు. దానికి మంచి వైద్యం ఉంది. ఆ వైద్యంలో పెద్ద భాగం సరిచూసుకోవాలన్న తహతహని ఊరికే ఓర్చుకోవడం నేర్పడమే.

తాళం గోల నవ్వుతూ చెప్పుకోవచ్చు. నవ్వుతూ చెప్పుకోలేనివి వేరే ఉన్నాయి.

ఐదో అంతస్తు డాబా మీద పిట్టగోడ పక్కన నిలబడి కిందికి చూస్తున్నారు. మనసులో ఏ దిగులూ లేదు. సంక్రాంతికి పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు, మీరు దారం చుడుతున్నారు. ఉన్నట్టుండి ఒక ఆలోచన వస్తుంది, ‘ఇప్పుడు దూకేస్తే?’ అని. ఒళ్ళు జలదరించి రెండడుగులు వెనక్కి వేస్తారు. రైలు ప్లాట్‌ఫారం మీద, నది మీద వంతెన దాటుతున్నప్పుడు అదే ఆలోచన, గుడిలో నిశ్శబ్దంగా నిలబడ్డప్పుడు గట్టిగా బూతు అరిచేస్తానేమోనని, ఇలాంటివి ఎన్నో. దేవుడి ముందు వచ్చే చెడ్డ ఆలోచన మనుషుల్ని ఎంత క్షోభ పెడుతుందో అది పడ్డవాళ్ళకే తెలుసు.

1978లో లండన్‌లో స్టాన్లీ రాచ్‌మన్, శ్రీలంక నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ పద్మాల్ డి సిల్వా కలిసి ఏ మానసిక జబ్బూ లేని మామూలు మనుషుల్ని అడిగి చూశారు. వాళ్ళలో 80 శాతం మంది తమకూ అలాంటి పిలవని ఆలోచనలు వస్తాయని ఒప్పుకున్నారు. తర్వాత ఇంకో పని చేశారు. మామూలువాళ్ళ ఆలోచనల్నీ, ఓసీడీ రోగుల ఆలోచనల్నీ కాగితం మీద కలిపి రాసి, ఏవి ఎవరివో చెప్పమని నిపుణులకి ఇచ్చారు. నిపుణులకి కూడా వాటిని విడదీయడం తేలిక కాలేదు. ఆలోచనల సరుకు ఒక్కటే. రోగి ఆ ఆలోచనని పట్టుకుని ‘ఇది నాకెందుకొచ్చింది, నేనేం మనిషిని’ అని తవ్వుకుంటూ కూర్చుంటాడు. మిగతావాళ్ళు ‘ఛ, ఏం ఆలోచన!’ అనుకుని దారం చుట్టడంలో పడిపోతారు.

ఈ విషయంలో అందరికన్నా ఎక్కువ నలిగిపోయేది బాలింతలు. నెలల పసిగుడ్డుని ఎత్తుకుని మెట్ల దగ్గర నిలబడ్డ తల్లికి ‘చేతులు వదిలేస్తే?’ అనిపిస్తుంది. కూరలు తరుగుతుంటే చేతిలో కత్తి, పక్కన ఉయ్యాల, మనసులో ఒక భయంకరమైన బొమ్మ. ఆమె ఆ కత్తి తీసుకెళ్ళి అటక మీద దాచేస్తుంది. బిడ్డకి నీళ్ళు పోసేటప్పుడు అమ్మనో అత్తగారినో పక్కన ఉండమంటుంది, ఎందుకో చెప్పదు. కెనడాలో నికోల్ ఫెయిర్‌బ్రదర్, షీలా వూడీ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త తల్లుల్ని అడిగితే, బిడ్డకి పొరపాటున ఏమైనా జరుగుతుందేమోనన్న ఆలోచనలు అందరికీ వచ్చాయన్నారు. చేతులారా తానే ఏదైనా చేసేస్తానేమోనన్న ఆలోచన కూడా సుమారు సగంమందికి వచ్చింది. సగంమంది! అయినా ఒక్కొక్క తల్లీ ఈ లోకంలో ఇలాంటి రాక్షసిని తానొక్కదాన్నే అనుకుంటుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి జాగ్రత్తగా చెప్పాలి. ఆ ఆలోచనకి హడలిపోయి కత్తి దాచేసే తల్లి ప్రమాదకరమైన మనిషి కాదు. ఆ హడలే ఆమె ఎలాంటిదో చెబుతోంది. కానీ వెయ్యి ప్రసవాల్లో ఒకటి రెండింటి తర్వాత ఇంకో రకం పరిస్థితి వస్తుంది. రోజుల తరబడి నిద్ర లేకుండా, మాటలు తడబడుతూ, బిడ్డ తన బిడ్డ కాదనో, బిడ్డలో ఏదో చేరిందనో, దేవుడు తనకేదో ఆజ్ఞ ఇచ్చాడనో నమ్ముతుంది. ఆ నమ్మకం ఆమెకి భయం కలిగించదు, సబబుగా తోస్తుంది. అది ప్రసవానంతర సైకోసిస్. అప్పుడు తాయెత్తులకోసం తిరగకుండా, బాలింత బయటికి రాకూడదన్న పట్టింపు పక్కన పెట్టి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆలోచనకి భయపడుతోందా, ఆలోచనని నమ్ముతోందా అన్నదే ఇంట్లోవాళ్ళు గమనించాల్సిన సంగతి.

ఆలోచనల దగ్గర నుంచి కళ్ళ దగ్గరికి వద్దాం. నాకు బాగా ఇష్టమైన మనిషి ఒకాయన ఉన్నాడు, జెనీవా నగరంలో పద్దెనిమిదో శతాబ్దంలో బతికిన షార్ల్ లులిన్. పూర్వం న్యాయాధికారిగా పనిచేసిన పెద్దమనిషి. తొంభై ఏళ్ళకి దగ్గర పడ్డాడు. శుక్లాలకి ఆపరేషను చేసినా చూపు సరిగా నిలవలేదు. బుద్ధి మాత్రం పదునుగా ఉంది. ఒక రోజు ఆయన కళ్ళ ముందు ఒక నీలం రంగు చేతి రుమాలు కనిపించింది, మూలల్లో పసుపు పచ్చ చుక్కలతో. ఎటు చూస్తే అటు అది కదిలింది. తర్వాత్తర్వాత మంచి దుస్తులు వేసుకుని, తల దువ్వుకుని ముస్తాబైన ఆడవాళ్ళు గదిలోకి వచ్చారు. ఎవరూ మాట్లాడరు. పావురాలు ఎగిరాయి. కిటికీలోంచి చూస్తే వీధిలో ఒక బండి ఇళ్ళంత ఎత్తుకి పెరిగిపోయింది.

ఆయన ఏం చేశాడనుకున్నారు? కంగారు పడలేదు. కనబడినవన్నీ వరసగా చెప్పి రాయించాడు. ఆయన మనవడు షార్ల్ బోనే ప్రసిద్ధ ప్రకృతి శాస్త్రవేత్త. తాతగారు చెప్పిన వింతలన్నీ 1760లో తన గ్రంథంలో చేర్చాడు. తాత తన దర్శనాల్ని చూసి ఆనందిస్తున్నాడనీ, అవి నిజం కావని ఆయనకి తెలుసుననీ రాశాడు. ఇప్పుడు వైద్యులు ఈ స్థితిని షార్ల్ బోనే పేరుతోనే పిలుస్తున్నారు. నన్నడిగితే ఆ పేరు తాతకి దక్కాల్సింది, చూసింది ఆయన కదా.

చూపు బాగా తగ్గినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. శుక్లాలు, నీటికాసులు, షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం, వయసుతో కంటి నడిమి చూపు పోవడం, వీటిలో ఏది వచ్చినా రావచ్చు. 1996లో నెదర్లాండ్స్ వైద్యులు చూపు మందగించిన 505 మందిని పరీక్షిస్తే 60 మందికి ఈ దర్శనాలున్నాయని తేలింది. కళ్ళ నుంచి రావాల్సిన కబురు రాకపోతే మెదడులో చూపుకి సంబంధించిన భాగం ఊరికే కూర్చోదు, తనంతట తనే బొమ్మలు వేసుకుంటుంది. 1998లో లండన్‌లో డొమినిక్ ఫిచ్ బృందం ఇలాంటివాళ్ళ మెదళ్ళని స్కానింగులో చూసింది. రంగులు కనిపిస్తున్నప్పుడు రంగుల్ని గుర్తించే భాగం, మొహాలు కనిపిస్తున్నప్పుడు మొహాల్ని గుర్తించే భాగం పనిచేస్తున్నాయి. అంటే ఆ మనిషి ‘ఊహించుకోవడం’ లేదు, నిజంగా ‘చూస్తోంది’. కాకపోతే బయట ఏమీ లేదు.

ఇప్పుడు మన ఇళ్ళకి రండి. ఎనభై దాటిన బామ్మ సాయంత్రం వసారాలో కూర్చుని ‘ఎవర్రా ఆ పిల్లలు, ఎర్ర పరికిణీలు కట్టుకుని వరసగా నిలబడ్డారు’ అంటుంది. అక్కడ ఎవరూ ఉండరు. మొదటిసారి అన్నప్పుడు ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. రెండోసారి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మూడోసారి బామ్మ చెప్పదు. ఆమెకి తెలుసు, ఇంకోసారి నోరు తెరిస్తే ‘ముసలామెకి మతి చలించింది’ అంటారనో, చావు దగ్గరపడితే ఇలా కనిపిస్తాయని గుసగుసలు పోతారనో. పిల్లలు కనిపిస్తూనే ఉంటారు, ఆవిడ మాట్లాడకుండా వాళ్ళని చూస్తూ కూర్చుంటుంది. కంటి డాక్టరు దగ్గరికి ఆర్నెల్లకోసారి వెళ్తుంది, చుక్కల మందు తెచ్చుకుంటుంది, ఈ మాట మాత్రం ఆయనకీ చెప్పదు. డాక్టరూ అడగడు. ‘అమ్మా, చూపు తగ్గినవాళ్ళకి అప్పుడప్పుడు లేనివి కనిపిస్తాయి, మీకేమైనా కనిపిస్తున్నాయా?’ అని ఆయన ఒక్క మాట అడిగితే చాలు, ఆవిడ గుండె మీద బరువు దిగిపోతుంది. దీనికి పెద్ద మందులు కూడా అక్కర్లేకపోవచ్చు. దీపం వేయడం, కళ్ళని గబగబా కుడికీ ఎడమకీ తిప్పడం, లేచి ఇంకో గదిలోకి వెళ్ళడం, ఇలాంటివాటితో కొంతమందికి ఆ బొమ్మలు చెదిరిపోతాయి.

పోయినవాళ్ళు కనిపించడం ఇంకో కథ. డెవీ రీస్ అనే వైద్యుడు వేల్స్ ప్రాంతంలో తన చుట్టుపక్కల ఉన్న 293 మంది వితంతువుల్నీ, భార్యల్ని పోగొట్టుకున్న మగవాళ్ళనీ కలిసి మాట్లాడి, 1971లో ఆ వివరాలు ప్రచురించాడు. సుమారు సగంమందికి పోయిన మనిషి ఉన్నట్టే అనిపించింది. కొందరు చూశారు, కొందరు గొంతు విన్నారు, కొద్దిమంది చేయి తగిలిందన్నారు. సుఖంగా కాపురం చేసినవాళ్ళకీ, ఎక్కువ కాలం కలిసి బతికినవాళ్ళకీ ఇది ఎక్కువ. చాలామందికి అది ఊరటగా ఉంది. కానీ వీళ్ళలో ఆ సంగతి అంతకుముందు ఎవరికైనా చెప్పినవాళ్ళు మూడోవంతు కూడా లేరు. నవ్వుతారని ఆగిపోయారు.

ఈ ఒక్క విషయంలో మనవాళ్ళు కాస్త నయం అనిపిస్తుంది. ‘రాత్రి ఆయన వచ్చి మంచం పక్కన నిలబడ్డారు, చెప్పుల చప్పుడైంది’ అని ఒకావిడ అంటే ఇంకో ఆవిడ ‘ఆబ్దికం దగ్గర పడిందిగా వదినా, ఏదో అడగడానికి వచ్చుంటాడు’ అంటుంది. ఆ మాట శాస్త్రానికి నిలుస్తుందా లేదా అన్నది తర్వాత, ముందు ఆవిడకి చెప్పుకునే చోటు దొరికింది. అయితే అదే నోరు, అదే వరండా, చిన్న వయసు కోడలు చెబితే ‘గాలి సోకింది’ అని భూతవైద్యుణ్ణి పిలుచుకొస్తుంది. మన సంప్రదాయం దయ అందరికీ సమానంగా పంచదు.

రేడియోలో మాట్లాడుతున్నాను కనక గొంతుల గురించి ఒక రేడియో కథ చెప్పకుండా ఉండలేను. ఎవెలిన్ వా అని ఇంగ్లీషు నవలాకారుడు, పేరు ఆడపేరులా ఉన్నా మగవాడే. 1953లో బీబీసీ రేడియోవాళ్ళు ఆయన్ని ఇంటర్వ్యూ చేశారు. అడిగిన ప్రశ్నలు ఆయనకి నచ్చలేదు, మనసులో మంట మిగిలింది. నిద్ర పట్టక చాలాకాలంగా క్లోరల్, బ్రోమైడ్ కలిపిన మందు తాగుతున్నాడు, దానిపైన మద్యం. 1954 ఆరంభంలో ఒంటరిగా సింహళానికి ఓడ ఎక్కాడు. ఓడలో గొంతులు మొదలయ్యాయి. గోడలోంచి, పైకప్పులోని గొట్టాల్లోంచి ఎవరో తన గురించే మాట్లాడుతున్నారు, ఎగతాళి చేస్తున్నారు, కుట్ర పన్నుతున్నారు. ఆయన కథలు అల్లే మనిషి కదా, కారణం కూడా అల్లేశాడు. ఆ బీబీసీ వాళ్ళే ఏదో యంత్రంతో తన మనసులోకి దూరి ఈ ప్రసారం చేస్తున్నారనుకున్నాడు. భార్య లారాకి ఉత్తరాలు రాశాడు. ఆమెకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

తిరిగి వచ్చాక ఆమె భర్తతో వాదన పెట్టుకోలేదు, ‘నీకు పిచ్చి పట్టింది’ అనలేదు. ఒక చిన్న సంగతి ఆరా తీసింది. నిన్ను ఇంటర్వ్యూ చేసిన ఆ రేడియో మనిషి అసలు ఆ ఓడలోనే లేడు అని చెప్పింది. ఒక మతగురువు ద్వారా మానసిక వైద్యుడు వచ్చాడు, నిద్రమందు విషమించిందని పసిగట్టి దాన్ని మార్చాడు. గొంతులు ఆగిపోయాయి. తర్వాత ఆయన దాన్నంతా ‘ది ఆర్డీల్ ఆఫ్ గిల్బర్ట్ పిన్‌ఫోల్డ్’ అనే నవలగా రాసి 1957లో అచ్చు వేయించాడు. ఎంతమంది రచయితలు ఇంత పని చేయగలరు? తనకి పిచ్చెక్కిన రోజుల్ని తానే హాస్యంగా రాసి, తన పుస్తకాల అభిమానులకే అమ్మాడు.

ఇంతవరకూ చెప్పినవి మన లోపల పుట్టే అనుమానాలు. పక్కవాళ్ళు మన బుర్రలో నాటే అనుమానం ఒకటుంది, అది ఇంకా మొండిది. పంచతంత్రంలో మేకని భుజాన వేసుకుని పోయే బ్రాహ్మడు మీకందరికీ తెలుసు. ముగ్గురు దొంగలు దారిలో తలో చోటా నిలబడి, అది కుక్క అన్నారు. మొదటివాణ్ణి తిట్టాడు. రెండోవాడి మాటకి మేకని దింపి చూసుకున్నాడు. మూడోవాడు అనేసరికి దాన్ని వదిలేసి పరుగెత్తాడు. చిన్నప్పుడు ఈ కథ విని ‘ఎంత వెర్రి బ్రాహ్మడు’ అని నవ్వుకున్నాం. ఆయన వెర్రివాడు కాడు. మనలో నూటికి డెబ్భై అయిదుమంది ఆయనే.

ఆ లెక్క ఎక్కడిదంటే, 1951లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే ఆచార్యుడు చేసిన ప్రయోగానిది. ఒక గదిలో ఏడెనిమిది మంది విద్యార్థులు. ఒక అట్ట మీద ఒక గీత, ఇంకో అట్ట మీద మూడు గీతలు. ఆ మూడింట్లో మొదటిదానితో సమానమైనది ఏదో చెప్పాలి. చిన్నపిల్లవాడైనా చెప్పేంత తేలిక. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగతా అందరూ ఆచార్యుడి మనుషులే. వాళ్ళు కొన్నిసార్లు మొహం చెక్కుచెదరకుండా తప్పు గీత చూపిస్తారు. ఆ ఒక్కడి వంతు చివరికి దగ్గరలో వస్తుంది. నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా కళ్ళెదుట కనిపిస్తున్నదాన్ని కాదని గుంపుతో పాటు తప్పు చెప్పారు. తర్వాత విడిగా అడిగితే కొందరు గొడవెందుకని అలా అన్నామన్నారు. కొందరు మాత్రం తమ కళ్ళకే ఏదో అయిందేమో అనుకున్నారట.

ఆష్ దీన్ని ఇంకోలా కూడా చేసి చూశాడు. గుంపులో ఒకే ఒక్కడు నిజం చెప్పేలా ఏర్పాటు చేశాడు. అంతే, గుంపుకి లొంగడం నాలుగోవంతుకి పడిపోయింది. గుంపుని చెదరగొట్టాల్సిన పనిలేదు, ‘నాకూ అలాగే కనిపిస్తోంది’ అనే ఒక్క గొంతు ఉంటే చాలు. మేకని మోసుకెళ్ళే ఆ బ్రాహ్మడికి తోడుగా ఒక కుర్రాడు నడుస్తూ ఉంటే దొంగలు ముగ్గురు కాదు ముప్పైమంది ఉన్నా వాళ్ళ పప్పులు ఉడికేవి కావు.

ఇలా అనుమానం నాటడానికి గుంపు కూడా అక్కర్లేదు, ఇంట్లో ఒక్కరు చాలు. 1938లో పాట్రిక్ హామిల్టన్ ‘గ్యాస్ లైట్’ అనే నాటకం రాశాడు. 1944లో ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్‌తో హాలీవుడ్ సినిమాగా వచ్చి ఆవిడకి ఆస్కార్ తెచ్చిపెట్టింది. భర్త వస్తువులు దాచేసి, నువ్వే పోగొట్టావంటాడు. రోజూ రాత్రి రహస్యంగా పై అంతస్తుకి చేరి దాచిన నగలకోసం వెతుకుతూ అక్కడ గ్యాస్ దీపం వెలిగిస్తాడు. అందువల్ల కింద గదిలో దీపం మసకబారుతుంది. భార్య ఆ సంగతి చెబితే నీ భ్రమ అంటాడు. ఆమెకి నిజంగానే పిచ్చెక్కే దశ వస్తుంది. కథ మలుపు తిరిగేది భర్త పట్టుబడ్డప్పుడు కాదు. అంతకు ముందే, ఇంటికి వచ్చిన పోలీసు అధికారి తల ఎత్తి చూసి దీపం తగ్గుతోందని తాను గమనించినప్పుడు. ఆ క్షణాన ఆమె మొహం చూడాలి.

ఇది నాటకాల్లోనే జరుగుతుందనుకోకండి. ‘నేనెప్పుడన్నాను? నువ్వే కలగని ఉంటావు’ అని రోజూ వినే భార్యలున్నారు. తాను పెట్టని సంతకం తానే పెట్టాడని ఇంటిల్లిపాదీ అంటుంటే, పొలం పోగొట్టుకుని, ఏమో నాకు మతిమరుపు వచ్చిందేమోనని నోరు మూసుకున్న ముసలి తండ్రులున్నారు. అలాంటివాళ్ళకి డాక్టరు కన్నా ముందు ఒక డైరీ, తేదీ వేసిన కాగితం, ఇంటి బయటి మనిషి ఒకరు అవసరం.

మనలో ఒక మాట వాడుకలో ఉంది, ‘నాకు పిచ్చేమో అని అనుమానించేవాడికి పిచ్చి ఉండదు, పిచ్చివాడికి ఆ అనుమానమే రాదు’ అని. ఓదార్చడానికి అందరూ వాడతారు. సగం నిజం. తాళం లాగేవాళ్ళ విషయంలో, బాలింతల విషయంలో, బామ్మ విషయంలో పనికొస్తుంది. మిగతా సగం మాత్రం ప్రమాదకరం. ఇరవై ఏళ్ళ కుర్రవాడు, ఇంజనీరింగు రెండో సంవత్సరం. కొన్ని వారాలుగా లోకం ఏదో మారినట్టు ఉంది. క్లాసులో జనం తన గురించే నవ్వుతున్నట్టు, టీవీలో మాటలు తనకే తగులుతున్నట్టు. ఇంకా పూర్తిగా నమ్మలేదు, నాకేమవుతోంది అని లోలోపల భయపడుతున్నాడు. సైకోసిస్ తరచు ఇలాగే, ఇదే వయసులో, ఇదే అనుమానంతో మొదలవుతుంది. ఆ కిటికీ కొన్నాళ్ళే తెరిచి ఉంటుంది. తర్వాత అనుమానం పోయి నమ్మకం వచ్చేస్తుంది, అప్పుడు ఎవరు చెప్పినా వినడు. అతను మీ దగ్గరికి వచ్చి నసుగుతూ చెబితే ‘అలా అడుగుతున్నావంటే నీకేం లేదులే, బాగా చదువుకో’ అని వీపు తట్టి పంపేయకండి. వైద్యం ఎంత తొందరగా మొదలైతే అంత మేలు.

కానీ ఎక్కడికి తీసుకెళ్ళాలి? హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో వాల్తేరు, ఈ మానసిక ఆసుపత్రుల పేర్లు మనకి తిట్లుగానే నోటికొస్తాయి. ‘నిన్ను ఎర్రగడ్డకి పంపాలి’ అనే జోకు లేని కామెడీ సినిమాలు మన దగ్గర లెక్కపెట్టుకోవచ్చు. ఆ జోకుకి నవ్వినవాడే రేపు ఆ బస్సు ఎక్కాల్సి వచ్చినప్పుడు మొహానికి రుమాలు కట్టుకుంటాడు. రుమాలు కట్టుకోనక్కర్లేని దారి ఒకటి 2022 అక్టోబరు 10 నుంచి ఉంది. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్, నంబరు 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులు పడవు.

చివరిగా ఒక్క సంగతి, ఎందుకంటే దీన్ని చాలా ఇళ్ళల్లో తప్పుగా అర్థం చేసుకుంటారు. మొన్నటిదాకా పేపరు చదివి రాజకీయాలు మాట్లాడిన తాతయ్య, తుంటి ఎముక ఆపరేషనైన రెండో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, కొడుకుని పోల్చుకోడు, లేచి పోతానని సెలైన్ పీకేస్తాడు. తెల్లారేసరికి మామూలుగా కాఫీ అడుగుతాడు, సాయంత్రమయ్యేసరికి మళ్ళీ మొదలు. పాతకాలంవాళ్ళు సంధి ప్రేలాపన అనేవారు, డాక్టర్లు డెలీరియం అంటారు. ఇది పిచ్చీ కాదు, వయసు చాదస్తమూ కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో ఉప్పు తగ్గడమో, నీళ్ళు చాలకపోవడమో, కొత్తగా వేసిన మందో, అలవాటైన మందు హఠాత్తుగా ఆపడమో, ఏదో ఒకటి వెనక ఉంటుంది. రోజూ మద్యం తాగే అలవాటున్న మనిషి ఆసుపత్రిలో చేరి మానేసినా రెండు మూడు రోజుల్లో ఇలాగే కావచ్చు, అది ప్రాణాల మీదికి కూడా తేవచ్చు. పరువు కోసం ఆ అలవాటు సంగతి డాక్టరు దగ్గర దాచకండి. కళ్ళజోడు, చెవి మిషను ఉంటే పెట్టండి, గదిలో గడియారం కనబడేలా ఉంచండి, తెలిసిన మొహం ఒకటి పక్కన ఉండనివ్వండి. డ్యూటీ డాక్టరుకి మూడు సంగతులు చెప్పండి. ఇది ఎప్పుడు మొదలైంది, రోజులో ఏ వేళ ఎక్కువవుతోంది, ఈ వారంలో కొత్తగా వేసిన, ఆపేసిన మాత్రలు ఏవి. ఇంట్లో ఉన్న మందులన్నీ, నిద్రమాత్రలూ, మోకాళ్ళ నొప్పులకి పక్కింటివాళ్ళు ఇచ్చినవీ, నాటు వైద్యుడు కట్టిచ్చిన పొట్లాలతో సహా ఒక సంచిలో వేసి తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టండి.